తరాయికి పోయేముందు తిరుపతిలో ఒక ఫిల్టరు కట్టండి

విదేశంలో వాలంటీరుగా పనిచేయాలనుందని తిరుపతి కాలేజీ పిల్లలు ఎవరు అడిగినా నేను చెప్పే చోటు ఒకటే, నేపాల్ తరాయి. చేయమనే పనీ ఒకటే, తాగునీరు. 1950 నాటి భారత్-నేపాల్ ఒప్పందం ఉంది కాబట్టి మనకు వీసా అక్కర్లేదు. రైల్లో పోవచ్చు. కాస్త హిందీ వస్తే ఊళ్లో ఆడవాళ్లతో నేరుగా మాట్లాడొచ్చు. అన్నిటికీ మించి, అక్కడ మూడు వారాల్లో చేతులతో చేసి, చూపించి, నేర్పి రాగలిగే పని ఒకటి నిజంగా ఉంది.

అనాథాశ్రమంలో పిల్లలకు రెండు వారాలు ఇంగ్లీషు చెప్పే ప్యాకేజీల జోలికి మాత్రం పోవద్దు. నేపాల్‌లో, కంబోడియాలో అలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది. వాలంటీర్లు కట్టే ఫీజు కోసమే పిల్లల్ని ఇళ్లనుంచి తెచ్చి పెట్టే చోట్లూ ఉన్నాయి. రెండు వారాలకొక కొత్త అక్క వచ్చి, దగ్గరై, వెళ్లిపోతుంటే ఆ పసివాళ్ల మనసు ఏమవుతుందో ఆలోచించండి. ఫీజు ఎంత తక్కువైనా సరే, వద్దు.

ఇక నీటి సంగతి. నేపాల్ దక్షిణాన మన ఉత్తరప్రదేశ్, బీహార్‌లను ఆనుకుని ఉన్న మైదానమే తరాయి. అక్కడ ఇంటింటికీ ఒక బోరింగు ఉంటుంది, వాళ్లు చాపాకల్ అంటారు. లోతు తక్కువ, నీళ్లు పుష్కలం. కానీ హిమాలయాలనుంచి నదులు తెచ్చి పోసిన ఒండ్రులో ఆర్సెనిక్ ఉంది. భూమి లోపల గాలి తగలని చోట అది మట్టిని వదిలి నీళ్లలోకి దిగుతుంది. ఇప్పుడు రెండుగా విడిపోయిన పాత నవల్‌పరాసీ జిల్లా ఈ విషయంలో నేపాల్‌లోకెల్లా బాగా దెబ్బతిన్న ప్రాంతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, నేపాల్ ప్రమాణం 50. అక్కడి కొన్ని బోరింగుల్లో ఈ రెండు హద్దులూ ఎప్పుడో దాటిపోయాయి.

ఫ్లోరైడ్ అంటే ఏమిటో నల్గొండ, ప్రకాశం, అనంతపురం పేర్లు విన్న తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు. ఆర్సెనిక్ కూడా అలాంటిదే. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఏళ్లు గడిచాక అరచేతుల్లో, అరికాళ్లలో గట్టి బుడిపెలు వస్తాయి, ఒంటిమీద చినుకులు పడ్డట్టు నల్లమచ్చలు వస్తాయి, ఆ తర్వాత క్యాన్సర్ల దాకా పోతుంది. కాచి తాగితే పోతుందని అక్కడా చాలామంది నమ్ముతారు. కాస్తే క్రిములు చస్తాయి, ఆర్సెనిక్ అలాగే ఉంటుంది. పైగా నీళ్లు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. ఊళ్లో మొదట చెప్పాల్సిన మాట ఇదే.

దీనికి విరుగుడుగా అక్కడ వాడుకలో ఉన్నది కంచన్ ఫిల్టరు. ఎంఐటీ పరిశోధకులు, నేపాల్‌కు చెందిన ఎన్ఫో సంస్థ కలిసి రూపొందించారు. కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాన్జ్ తయారుచేసిన, ఇసుకతో నీళ్లు వడపోసే బయోశాండ్ ఫిల్టరు కింద, ఇనుప మేకుల పొర పైన. మేకులు తుప్పు పడతాయి, ఆ తుప్పు ఆర్సెనిక్‌ను పట్టుకుంటుంది, రాలిన తుప్పును కింది ఇసుక ఆపుతుంది. ఇసుక మీద పెరిగే సూక్ష్మజీవుల పొర రోగకారక క్రిముల పని పడుతుంది. కరెంటు లేదు, కార్ట్రిడ్జి లేదు, నెలనెలా కొనాల్సిందేమీ లేదు. మనూళ్లో 20 లీటర్ల క్యాన్ కోసం ఆర్వో ప్లాంటు చుట్టూ తిరిగే మనకు ఇది ముతక సరుకులా కనిపించవచ్చు. ఆ ఊళ్లో మాత్రం రిపేరు చేసేవాళ్లు ఎవరూ రాకపోయినా ఏళ్ల తరబడి పనిచేసేది ఇదే.

అక్కడికి పోయాక నేర్చుకుందాం అనుకుంటే మూడు వారాల్లో ఒక వారం నేర్చుకోవడానికే పోతుంది. అందుకే మొదటి ఫిల్టరు ఇక్కడే కట్టండి. ఒక బేల్దారి మేస్త్రిని బతిమాలుకుని తోడు పెట్టుకోండి. కాంక్రీటు గురించి ఆయనకు తెలిసినంత మీ లెక్చరర్లకు తెలియదు.

ఒక ఫిల్టరు పెట్టెకు కావలసిన కాంక్రీటు కొలతలు ఇవీ. సిమెంటు 12 లీటర్లు, ఇసుక 24 లీటర్లు, 6 మిల్లీమీటర్ల లోపు సన్న జల్లి 12 లీటర్లు, 6 నుంచి 12 మిల్లీమీటర్ల జల్లి 12 లీటర్లు. నీళ్లు 7 నుంచి 10 లీటర్లు, ఇసుక తడిగా ఉంటే తక్కువే పడతాయి. అన్నీ ఒకే బకెట్టుతో కొలవండి, తూకం అక్కర్లేదు. 50 కిలోల సిమెంటు బస్తా దాదాపు మూడు పెట్టెలకు సరిపోతుంది. ఇనుప అచ్చు కావాలి. ఒక్క ఫిల్టరు కోసం అచ్చు చేయించడం దండగ, తిరుపతి సాధనకు ఒక అడుగు వెడల్పు, మూడడుగుల ఎత్తు వచ్చేట్టు చెక్క అచ్చు కొట్టించుకున్నా చాలు. తరాయిలో ఈ ఫిల్టర్లు పోసే స్థానిక వర్క్‌షాపుల దగ్గర ఇనుప అచ్చులు ఉంటాయి. వాళ్లతో ముందే మాట్లాడుకుని, వాళ్ల అచ్చు, వాళ్ల మనిషి, మీ చేతులు అన్నట్టుగా పని పెట్టుకోండి.

అచ్చుకు నూనె రాయాలి. సెంట్రింగు పనికి అలవాటుపడ్డ మేస్త్రి ఇంజనాయిలు తీస్తాడు, ఆయన చెయ్యి అక్కడే పట్టుకోండి. అది తాగునీళ్ల పెట్టె. వంటనూనే రాయాలి. పెట్టె గోడలోపల అడుగునుంచి పైకి ఒక ప్లాస్టిక్ గొట్టం పోతుంది, లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లు, పొడవు మీటరుకు కాస్త ఎక్కువ. కాంక్రీటు పోసేటప్పుడు గొట్టం నలిగినా, అందులో సిమెంటు పాలు దిగినా ఆ పెట్టె ఇక పనికిరాదు. పోసేముందు చివరలకు టేపు చుట్టండి. పోస్తున్నంతసేపూ అచ్చును చుట్టూ రబ్బరు సుత్తితో కొడుతూ ఉండాలి. లేకపోతే గోడలో తేనెపట్టులా బొక్కలు మిగులుతాయి, అక్కడ కారుతుంది.

మర్నాడు అచ్చు విప్పాలి. ఖాళీ పెట్టెకే నలుగురు కావాలి, చేతివేళ్లు నలిగేదీ ఇక్కడే. విప్పాక ఏడు రోజులు గోనెసంచులు కప్పి నీళ్లు పట్టాలి. ఆ తర్వాత నిండా నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచి, ఎక్కడైనా చెమ్మ దిగుతుందేమో చూడాలి.

ఇప్పుడు అసలు పని, ఇసుక. మన స్వర్ణముఖి ఇసుకంటే ఇల్లు కట్టేవాళ్లకు మహా ఇష్టం. ఫిల్టరుకు మాత్రం ఏటి ఇసుక రెండో రకమే. గింజలు గుండ్రంగా, దాదాపు ఒకే సైజులో ఉంటాయి, మట్టితోపాటు కుళ్లిన ఆకు, పేడ, మురుగు కలిసి ఉంటాయి. దీనికి కావలసింది క్రషర్ దుమ్ము, అంటే క్రషర్లో రాయిని కొట్టినప్పుడు వచ్చే సన్న సరుకు. గ్రానైటుకు పేరుపడ్డ చిత్తూరు జిల్లాలో దానికి కొరతేముంది? తరాయిలో కూడా వీలైతే రాయి కొట్టే చోటినుంచే తెప్పించండి.

జల్లెడలు మూడు కావాలి, 12 మిల్లీమీటర్లది, 6 మిల్లీమీటర్లది, 0.7 మిల్లీమీటర్లది. 12 దాటి కిందపడి 6 మీద ఆగినది అడుగు జల్లి. 6 దాటి 0.7 మీద ఆగినది నడిమి జల్లి. 0.7 దాటి కిందపడినదే వడపోత ఇసుక. సరుకు పొడిగా ఉండాలి, తడి ఇసుక సన్న జల్లెడలో ముద్దకట్టి ఊర్కే కూర్చుంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు.

కడగడం దగ్గర తొందరపడేవాళ్లే ఎక్కువ. బేసిన్‌లో నాలుగు వేళ్ల మందాన ఇసుక వేసి, దానికి రెట్టింపు నీళ్లు పోసి, చేత్తో గుండ్రంగా తిప్పి వెంటనే పై నీళ్లు వంచేయాలి. బియ్యం కడిగినట్టే. మొదటి నీళ్లు చిక్కటి కాఫీలా వస్తాయి, తర్వాత టీ, ఆ తర్వాత బియ్యం కడుగు. ఎక్కడ ఆపాలో తెలియడానికి ఒక గాజు సీసా దగ్గర పెట్టుకోండి. సీసాలో సగం దాకా కడిగిన ఇసుక, మిగతా సగం నీళ్లు. మూత పెట్టి గిరగిరా తిప్పి నిలబెట్టండి. మూడు నాలుగు సెకన్లయ్యాక పక్కనుంచి చూడండి. నీళ్లు కాస్త మసగ్గా ఉండి, వాటివెనక ఇసుక పైభాగం గీతలా కనిపించాలి. అసలు కనిపించకపోతే ఇంకో రెండుసార్లు కడగాలి. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయంటే ఎక్కువ కడిగేశారు. అందులోని సన్న రేణువులన్నీ పోయాయి, నీరు ఆగకుండా జారిపోతుంది. శుభ్రంగా కడగడమే గొప్ప అనుకునే పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. ఎన్నిసార్లు కడిగితే సీసాలో గీత కనిపించిందో రాసిపెట్టుకుని, ఆ సరుకంతా అన్నేసిసార్లే కడగండి. జల్లిని మాత్రం నీళ్లు పూర్తిగా తేరేదాకా కడగాలి.

నింపేటప్పుడు పెట్టెలో ముందు నీళ్లు, తర్వాతే ఇసుక. పొడి పెట్టెలో ఇసుక పోసి పైన నీళ్లు పోస్తే మధ్యలో గాలి బుడగలు చిక్కుకుని దారి మూస్తాయి. అడుగున 5 సెంటీమీటర్ల అడుగు జల్లి, గొట్టం మూతి అందులో మునగాలి. దానిమీద 5 సెంటీమీటర్ల నడిమి జల్లి, ఆపైన దాదాపు 54 సెంటీమీటర్ల ఇసుక. పై నీళ్లు కారడం ఆగిపోయాక ఇసుక మీద 5 సెంటీమీటర్ల నీరు నిలిచి ఉండాలి. స్కేలు పెట్టి కొలవండి. అంతకన్నా లోతుగా నిలిస్తే కింద ఉన్న జీవుల పొరకు ప్రాణవాయువు అందదు, ఇంకాస్త ఇసుక వేయాలి. తక్కువైతే ఎండకు ఇగిరి పొర ఎండిపోతుంది, కాస్త ఇసుక తీయాలి.

ఆపైన పోసే నీళ్ల వేగానికి ఇసుక గుంట పడకుండా చిల్లుల పెట్టె ఉంటుంది. చిల్లు 3 మిల్లీమీటర్లు, చిల్లుకూ చిల్లుకూ మధ్య 2.5 సెంటీమీటర్లు.

ఇప్పుడు నిండా నీళ్లు పోసి, గొట్టం కింద లీటరు చెంబు పెట్టి ఫోనులో టైము చూడండి. లీటరు నిండడానికి రెండున్నర నిమిషాలు పట్టాలి, అంటే నిమిషానికి 0.4 లీటరు. రెండు నిమిషాలకే నిండిందంటే ఇసుక లావైనా అయ్యుండాలి, అతిగా కడిగైనా ఉండాలి. తీసి మళ్లీ నింపడమే మార్గం. ఐదారు నిమిషాలు పడితే కడుగు చాల్లేదు. నీళ్లు తాగడానికి పనికొస్తాయి గానీ, ఇంటి ఇల్లాలు అంతసేపు ఎదురుచూడలేక పది రోజుల్లో వదిలేస్తుంది.

తిరుపతి ఫిల్టరును నింపి వదిలేయకండి, 30 రోజులు రోజూ నీళ్లు పోయండి. జీవుల పొర కుదురుకోవడానికి అంత టైము పడుతుంది. ఆర్వో క్యాన్ నీళ్లు పోస్తే పొరకు తిండి దొరకదు, కార్పొరేషన్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే పొర చచ్చిపోతుంది. పాత బావి నీళ్లో చెరువు నీళ్లో తెచ్చి పోయండి, రోజూ ఒకే చోటివి. వారానికోసారి పోసిన నీళ్లను, వచ్చిన నీళ్లను రెండు హెచ్‌టూఎస్ సీసాల్లో పెట్టి చూడండి. ఈ పరీక్ష మనదే, 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. నీళ్లు పోసిన సీసా ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలంతో కలుషితమైనట్టు లెక్క. మొదటి వారం రెండు సీసాలూ నల్లబడతాయి, కంగారు పడకండి. నాలుగో వారానికి తేడా కంటికి కనిపిస్తుంది. ఆ తేడా చూసినవాళ్లే ఊళ్లో నమ్మకంగా మాట్లాడగలరు.

ఈ 30 రోజుల లెక్క మూడు వారాల పర్యటనకు సరిపోదని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. అవును, మీరు కట్టిన ఏ ఫిల్టరూ మీరు ఉండగా పూర్తిగా పనిచేయదు. కాబట్టి మీరు ఎవరికి నేర్పి వస్తారన్నది ఎన్ని కట్టారన్నదానికన్నా పెద్ద విషయం. అంకెలు కూడా చూడండి. ఒక అచ్చుతో రోజుకు ఒకే పెట్టె. మొదటి మూడు రోజులు బోరింగు నీళ్ల పరీక్షలకు పోతాయి. నాలుగో రోజు పోసిన పెట్టె ఐదో రోజు విప్పి, ఏడు రోజులు నీళ్లు పట్టి, పన్నెండో రోజుకు ఇంటికి చేరుతుంది. పదకొండో రోజుదాకా పోస్తే ఎనిమిది పెట్టెలు, చివరిది పంతొమ్మిదో రోజు ఇంటికి చేరుతుంది. మిగిలిన రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి చూసుకోవడానికి. వంద ఫిల్టర్లు కట్టొస్తాం అని చందాలు వసూలు చేయకండి. ఎనిమిది అని చెప్పండి, ఎనిమిదే కట్టండి.

కాలం ఎప్పుడంటే, దీపావళి తర్వాత ఆరో రోజు ఛఠ్ పండుగ, అది అయ్యాక బయల్దేరడం మేలు. దసైన్, తిహార్ (వాళ్ల దసరా, దీపావళి) రోజుల్లో ఆఫీసులుండవు, ఊళ్లో మనుషులూ దొరకరు. డిసెంబరు ద్వితీయార్ధం నుంచి పొగమంచు, చలిగాలి. చలికి జీవుల పొర పెరగడమూ నెమ్మదిస్తుంది. మే నెలలో ఎండ రేణిగుంట ఎండకు ఏమాత్రం తీసిపోదు, జూన్ నుంచి వానలు, వరదలు. ఫిబ్రవరి, మార్చి కూడా మంచివే, మీ పరీక్షలు అడ్డం రాకపోతే.

కాగితాల్లో పొరపాటు ఎక్కువగా జరిగేది ఆధార్ దగ్గర. ఈ వయసువాళ్లకు నేపాల్ ప్రయాణానికి ఆధార్ పనికిరాదు. పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. 18 నిండి ఓటు నమోదు చేసుకోనివాళ్లు ముందు ఆ పని చూసుకోండి. చెన్నైలోనో విజయవాడలోనో గోరఖ్‌పూర్ రైలు ఎక్కి, అక్కడినుంచి బస్సులో సునౌలీ సరిహద్దు దాటితే భైరహవా. నవల్‌పరాసీలోని పరాసీ పట్నం అక్కడికి తూర్పున ఉంటుంది. మన 100 రూపాయలకు వాళ్లవి 160. పెద్ద నోట్లు కాకుండా 100 నోట్లే పట్టుకెళ్లండి. గడియారం 15 నిమిషాలు ముందుకు తిప్పుకోండి. నోటీసుల మీద తేదీలు విక్రమ సంవత్‌లో ఉంటాయి, మన లెక్కకన్నా దాదాపు 57 ఏళ్లు ఎక్కువ. శనివారం సెలవు, ఆఫీసు పని దాన్ని బట్టి పెట్టుకోండి.

టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ధనుర్వాతం టీకాల గురించి, తరాయిలో ఉన్న మెదడువాపు గురించి బయల్దేరడానికి రెండు నెలల ముందే డాక్టర్ని అడగండి. దోమతెర తప్పనిసరి, అంచులు పరుపు కింద దోపాలి. దోమలకే కాదు, పాముకూ అది అడ్డం. కట్లపాము రాత్రిపూట ఎక్కువగా నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తలా పది. అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి. ఆర్సెనిక్ లేదని తేలిన బోరింగు నీళ్లతోనే కలుపుకోండి.

ఊరు చేరగానే కాంక్రీటు కలపడం మొదలుపెట్టకండి. 2017 నుంచి నేపాల్‌లో 753 స్థానిక ప్రభుత్వాలున్నాయి, వాటికింద వార్డులు. వార్డు అధ్యక్షుడికి ఎవరు వచ్చారు, ఎన్ని రోజులు, ఏం చేస్తారు అని రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడ నమోదైన స్థానిక సంస్థ ద్వారానే పోవాలి. సామాను అంతా అక్కడే కొనండి, ఆ ఊరి అంగళ్లకు నాలుగు రూపాయలు వస్తాయి, రేపు మేకులు అయిపోతే ఎక్కడ దొరుకుతాయో ఇంటివాళ్లకూ తెలుస్తుంది. తిండికి, పడకకు ఆ ఇంటికి డబ్బు కట్టండి. మనకు పెట్టడానికి వాళ్లు పస్తుంటే అది సేవ కాదు.

తర్వాత బోరింగు నీళ్లలో ఆర్సెనిక్ పరీక్షలు. కిట్టు నేపాల్‌లోనే తీసుకోండి, ఆ రసాయనాలతో సరిహద్దులు దాటొద్దు. బోరింగును ఐదు నిమిషాలకు పైగా కొట్టి, గొట్టంలో నిలవున్న నీళ్లు పోయాక శాంపిలు పట్టాలి. సీసాలో రసాయనాలు వేయగానే ఆర్సెనిక్ వాయువుగా మారి మూతలోని కాగితానికి తగిలి పసుపు నుంచి గోధుమ రంగు తెస్తుంది. ఆ వాయువు విషం, ఆ కాగితం మీది మెర్క్యూరిక్ బ్రోమైడు కూడా విషమే. ఆరుబయట, గాలికి ఎదురుగా నిలబడకుండా, గ్లవుజులతో చేయాలి. కిట్టు మీద రాసిన నిమిషాలు పూర్తికాకముందే మూత తీస్తే అంకె తక్కువ చూపిస్తుంది. రంగు నీడలో చూడండి. ఇద్దరు విడివిడిగా చదివి, ఒకే అంకె చెబితేనే రాయండి.

పరీక్షలో ఒక బోరింగు బాగుందని తేలితే, ఫిల్టరు కన్నా అది గొప్ప విషయం. పక్కపక్క ఇళ్ల బోరింగుల మధ్యే చాలా తేడా ఉంటుంది. ఒకదాంట్లో 200, ముప్పై అడుగుల అవతల దాంట్లో 5 వచ్చినా ఆశ్చర్యపోవద్దు. బంగ్లాదేశ్‌లో చేసినట్టు చెడ్డదానికి ఎర్ర రంగు, మంచిదానికి ఆకుపచ్చ రంగు వేసి, మంచి బోరింగు ఉన్న ఇంటావిడను అడిగి నలుగురూ పట్టుకునేలా ఒప్పించగలిగితే ఆ నాలుగు ఇళ్లకు ఫిల్టరే అక్కర్లేదు. ఎర్ర బోరింగు నీళ్లతో బట్టలు ఉతకొచ్చు, ఒళ్లు కడుక్కోవచ్చు, తాగడానికి వంటకు మాత్రం వద్దు. ఒప్పించే పని అమ్మాయిలకు బాగా వస్తుంది, ఎందుకంటే నీళ్లు మోసేది ఆడవాళ్లు. కులం అడ్డొచ్చే చోట్లుంటాయి, మన పల్లెల్లో ఉన్నట్టే. అక్కడ స్థానిక సంస్థ మనిషిని ముందుంచండి, మీరు తీర్పులు చెప్పకండి.

మంచి బోరింగు దగ్గర్లో లేని ఇళ్లకే కంచన్ ఫిల్టరు. ఒక్కోదానికి 5 కిలోల మేకులు, 20 మిల్లీమీటర్లకు మించని పొడవు, పూత లేనివి. అంగట్లో మెరిసే మేకులు ఇస్తారు, అవి జింకు పూతవి, తుప్పు పట్టవు. కొనేముందు నాలుగు మేకులు గ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి, తెల్లారేసరికి నీళ్లు ఎర్రబడాలి. చిల్లుల పెట్టెలో మేకులు అంతటా సమంగా పరిచి, పైన బొటనవేలంత ఇటుక ముక్కలు పరచాలి. ఇటుక ముక్కలు లేకపోతే బిందెడు నీళ్లు ధారగా పడి మేకుల మధ్య గుంట చేస్తాయి, నీరు మేకులను తాకకుండానే ఆ గుంటగుండా దిగిపోతుంది. ఫిల్టరు చక్కగా నడుస్తున్నట్టే ఉంటుంది, ఆర్సెనిక్ మాత్రం గ్లాసులోకే వస్తుంది.

భూగర్భజలంలో ఇనుము ఎక్కువగా ఉన్న చోట, అంటే నిలవుంచితే నీళ్లు ఎర్రబారే చోట, ఇది బాగా పట్టుకుంటుంది. ఇనుము తక్కువ, ఫాస్ఫేటు ఎక్కువ ఉన్న నీళ్లలో మేకుల పొరలో నీరు ఆగే ఆ కాస్త సమయం చాలదు. అందుకని పెట్టిన ప్రతి ఫిల్టరు నీటినీ మళ్లీ పరీక్షించాలి, ఒక ఇంట్లో పనిచేసింది కాబట్టి పక్కింట్లోనూ పనిచేస్తుందని అనుకోవద్దు. అంకె దిగకపోతే ఆ ఇంటివాళ్లకు నిజం చెప్పి, దూరమైనా మంచి బోరింగు నీళ్లే తాగమనండి.

ఇంటివాళ్లకు నేర్పాల్సినవి ఎక్కువేం లేవు గానీ ఒక్కటి తప్పినా పని చెడుతుంది. గొట్టం చివర కుళాయి బిగించకూడదు, పైపు తగిలించకూడదు. పైపు కిందికి వేలాడిందంటే అది నీళ్లను లాగేసి ఇసుక ఎండగడుతుంది, పొర చచ్చిపోతుంది. ఎంత చెప్పినా నెల తిరిగేసరికి ఏదో ఒక ఇంట్లో పైపు తగిలిస్తారు, కారణం అడిగితే బిందె దూరంగా ఉందంటారు. కాబట్టి ఫిల్టరు పెట్టే రోజే బిందె కూర్చునే ఎత్తులో ఇటుకల అరుగు కట్టి రండి. ఒకసారి పోసిన నీళ్లు దిగాక కనీసం గంట ఆగి మళ్లీ పోయాలి, 48 గంటలకు మించి ఖాళీగా ఉంచకూడదు. పెళ్లికి ఊరెళ్తే పక్కింటి వదినకు చెప్పి వెళ్లాలి. ఫిల్టర్లో క్లోరిన్ పోయకూడదు. మొదటి నెల మాత్రం బయటికి వచ్చిన నీళ్లలో, నిలవ బిందెలో, క్లోరిన్ సీసా మీద రాసినన్ని చుక్కలు వేసి అరగంట ఆగి తాగాలి. నిలవ బిందెకు మూత, వంచి పోసుకునే వాటం ఉండాలి. గ్లాసు ముంచితే చేతి మురికి లోపలికి పోయి, ఇంత పనీ వృథా.

ధార సన్నబడ్డప్పుడు కడగాలి. ఇనుము ఎక్కువున్న నీళ్లకు నెలకోసారి కూడా పడుతుంది. ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, మేకుల పెట్టె తీసి పక్కన పెట్టి, ఇసుక మీద నిలిచిన నీళ్లలో వేళ్లు పెట్టి పైపైన ఒకటి రెండు సెంటీమీటర్లే మెల్లగా కలియబెట్టాలి. మోచెయ్యి దాకా దించి కలిపితే ఇసుక, పొర రెండూ పాడవుతాయి. నీళ్లు ఎర్రగా మడ్డిగా లేస్తాయి, వాటిని చెంబుతో తోడేసి, కాసిన్ని నీళ్లు పోసి మళ్లీ అంతే. రెండు మూడు సార్లు చాలు. ఆ మడ్డిలో ఆర్సెనిక్ ఉంటుంది, పెరట్లో కూరమళ్లలో పోయకూడదు. దూరంగా గుంత తీసి పేడ వేసి, అందులో పోయాలి. పిల్లలు, కోళ్లు వెళ్లకుండా పైన ముళ్లకంప వేయాలి.

ఇదంతా మీరు చేసి చూపిస్తే రాదు. మీరు చేతులు కట్టుకుని నిలబడి, ఆ ఇంటావిడ చేత మొదటినుంచి చివరిదాకా చేయించండి. ఊరికి ఇద్దరు ఆడవాళ్లను ఎంచుకుని వాళ్ల చేత ఎనిమిది ఫిల్టర్లూ ఒక్కోసారి కడిగించండి. వర్క్‌షాపు మనిషి నంబరు, వార్డు ఆఫీసు నంబరు, ఒక్కో ఫిల్టరు ముందు వెనక ఆర్సెనిక్ అంకెలు, పెట్టిన తేదీ, వాళ్ల భాషలో ఒకే కాగితం మీద రాసి లామినేషన్ చేయించి గోడకు కొట్టండి. ఇంకో 2 కిలోల మేకులు ఆ ఇద్దరిలో ఒకరి దగ్గర పెట్టి రండి.

తిరుపతికి వచ్చాక ప్రతి ఫిల్టరుకూ ముప్పయ్యో రోజు ఏ తేదీన పడుతుందో ఫోనులో పెట్టుకోండి. ఆ రోజు ఫోన్ చేసి మూడే అడగాలి. లీటరు చెంబు ఎన్ని నిమిషాల్లో నిండుతోంది, ఇసుక మీద ఎన్ని వేళ్ల నీళ్లు నిలుస్తున్నాయి, గొట్టానికి ఏమైనా తగిలించారా. మొదటిదానికి రెండున్నర నుంచి నాలుగు నిమిషాలు, రెండోదానికి మూడు వేళ్లు, మూడోదానికి లేదు అని వస్తే సరే. వేరే ఏం వచ్చినా అప్పుడే వర్క్‌షాపు మనిషికి ఫోన్ కలపండి. మళ్లీ ఆరో నెలలో ఒకసారి, ఏడాది నిండాక ఒకసారి. ఏడాదికి చేసే ఫోన్ నాటికి స్థానిక సంస్థ చేత ఎనిమిది ఇళ్లలోనూ మళ్లీ ఆర్సెనిక్ పరీక్ష చేయించాలి. దానికయ్యే కిట్టు డబ్బు బయల్దేరకముందే చందాల్లోనుంచి తీసి పక్కన పెట్టుకోండి.